తర్కదోషాలు: తత్త్వశాస్త్రంలో, గణితంలో, ఆర్థికశాస్త్రంలో

చూపిన కారణానికి నిర్ణయాన్ని నిలబెట్టే శక్తి లేకపోయినా, ఉన్నట్టే కనిపించే వాదాన్ని తర్కదోషం అంటారు. భారతీయ తర్కసంప్రదాయమైన న్యాయశాస్త్రం దీన్ని హేత్వాభాస అని పిలిచింది. అబద్ధం వేరు, తర్కదోషం వేరు. అబద్ధంలో చెప్పిన సంగతే తప్పు. తర్కదోషం ఉన్న వాదంలో ఆధారాలు నిజమే కావచ్చు, నిర్ణయమూ నిజమే కావచ్చు; ఒకదాన్నుంచి ఇంకోదానికి వేసిన అడుగు మాత్రం చెల్లదు. ఈ అడుగు తప్పే దారులు ఎన్నో ఉన్నా, తత్త్వశాస్త్రం, గణితం, ఆర్థికశాస్త్రాల్లో పేరుమోసిన ఉదాహరణలను ఒకచోట చేర్చి చూస్తే ఎక్కువ వాటిలో జరిగింది ఒకటే. వాదం చెల్లడానికి అవసరమైన షరతు ఒకటి ఎవరూ పైకి చెప్పకుండా, ఎవరూ సరిచూడకుండా లోపలే ఉండిపోయింది.

వర్గీకరణ: పాశ్చాత్య సంప్రదాయం

తర్కదోషాలను వరుసపెట్టి వర్గీకరించిన తొలి పాశ్చాత్య గ్రంథం అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) రాసిన ‘సోఫిస్టికల్ రెఫ్యుటేషన్స్’. అందులో 13 దోషాలు ఉన్నాయి. ఆరు మాటల వాడుక వల్ల పుట్టేవి. ఒకే పదాన్ని వాదం మధ్యలో వేరే అర్థంలోకి మార్చడం వీటిలో ఒకటి. మిగిలిన ఏడు మాటలతో పనిలేనివి. సాధించవలసిన దాన్నే ముందుగా ఒప్పించుకోవడం, కారణం కానిదాన్ని కారణమనడం, ఫలితం కనిపించింది కాబట్టి ఫలానా కారణమే ఉండి తీరాలనడం ఈ రెండో కోవలోకి వస్తాయి.

1690లో జాన్ లాక్ ఈ జాబితాకు కొత్త పేర్లు చేర్చాడు. ఎదుటివాడి మాటలనే అతనిపైకి తిప్పడం, పెద్దల మాటను కాదనలేని మొహమాటాన్ని వాడుకోవడం, ‘తప్పని నిరూపించలేదు కాబట్టి ఒప్పే’ అనడం ఆయన గుర్తించినవి. 1824లో వెలువడిన జెరెమీ బెంథామ్ గ్రంథం చట్టసభల్లో సంస్కరణలను అడ్డుకోవడానికి వాడే వాదాలను పట్టుకుంది. 1970లో చార్లెస్ హాంబ్లిన్ అనే ఆస్ట్రేలియా తాత్త్వికుడు పాఠ్యపుస్తకాలన్నీ అరిస్టాటిల్ జాబితానే తిప్పి తిప్పి అచ్చువేస్తున్నాయని విమర్శించాడు. ఇద్దరి మధ్య నడిచే సంభాషణలో ఏ నియమం తప్పితే దోషమవుతుందో చూడాలన్నాడు. ఈ విషయంపై ఇప్పుడు జరుగుతున్న పరిశోధనకు చాలావరకు ఆ పుస్తకమే మొదలు.

వర్గీకరణ: న్యాయశాస్త్రం

హాంబ్లిన్ కోరిన పద్ధతి భారతదేశంలో చాలా ముందే ఉంది. గౌతముడి న్యాయసూత్రాలు పేర్కొన్న 16 పదార్థాల్లో వాదం, జల్పం, వితండ, హేత్వాభాస, ఛలం, జాతి, నిగ్రహస్థానం ఉన్నాయి. అంటే తర్కదోషాన్ని విడిగా కాక, చర్చ అనే మొత్తం వ్యవహారంలో భాగంగానే లెక్కించారు. నిజం తేల్చుకోవడానికి జరిగేది వాదం. గెలవడమే గురిగా సాగేది జల్పం. తన పక్షమంటూ ఏదీ లేకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడానికే చేసేది వితండ. ఎదుటివాడి మాటకు వేరే అర్థం అంటగట్టే ఛలం మూడు రకాలు, పైపై పోలికలతో ఇచ్చే తప్పుడు జవాబులైన జాతులు 24, ఓటమి ఖాయమయ్యే నిగ్రహస్థానాలు 22.

హేత్వాభాసలు ఐదు. హేతువు (చూపిన కారణం) సాధ్యం (రుజువు చేయాల్సినది) లేనిచోట కూడా కనిపిస్తే సవ్యభిచారం. సాధ్యానికి ఎదురుగా ఉన్నదాన్నే రుజువు చేస్తే విరుద్ధం. అంతే బలమున్న ఎదురు హేతువు ఉంటే సత్ప్రతిపక్షం. హేతువే ఇంకా తేలకపోతే అసిద్ధం. ఆకాశంలో పూసిన తామరకు పరిమళం ఉందని వాదించడం ఈ కోవలోనిది. ప్రత్యక్షంగా తెలిసినదానికి విరుద్ధమైతే బాధితం. నిప్పు చల్లగా ఉంటుందన్న అనుమానం (హేతువు నుంచి తేల్చిన నిర్ణయం) చేయి పెడితే చాలు, నిలవదు. 17వ శతాబ్దానికి చెందిన అన్నంభట్టు ఈ వివరమంతా ‘తర్కసంగ్రహం’ అనే చిన్న పుస్తకంలో ఇమిడ్చాడు. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన ఆయన పుస్తకమే ఈనాటికీ దేశమంతటా తర్కం మొదలుపెట్టేవారి తొలి పాఠం.

న్యాయశాస్త్రం ఇచ్చిన పరికరాల్లో అన్నిటికన్నా పదునైనది ఉపాధి. కొండమీద పొగ ఉంది, కాబట్టి నిప్పుంది అన్న అనుమానం సరైనది. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న వ్యాప్తి దానికి దన్ను. దీన్ని తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉంది అంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. నిప్పు నుంచి పొగ రావాలంటే పచ్చి కట్టె తగలాలి. వాదించినవాడు చెప్పకుండా వదిలేసిన ఆ పచ్చి కట్టే ఇక్కడ ఉపాధి. ఒక వాదంలో ఉపాధి ఉందని చూపగలిగితే హేతువుకూ సాధ్యానికీ మధ్య చెప్పిన సంబంధం తెగిపోతుంది. ఈ పరికరం కొండమీది నిప్పుకే పరిమితం కాదని గణిత, ఆర్థిక ఉదాహరణలు చూపిస్తాయి.

తత్త్వశాస్త్రంలో

తత్త్వశాస్త్రంలో పాతుకుపోయిన సమస్య రుజువుకు రుజువు. జ్ఞానసాధనాలైన ప్రమాణాల వల్ల వస్తువులు తెలుస్తాయి సరే, ఆ ప్రమాణాలు ప్రమాణాలని దేనివల్ల తెలిసింది? ‘విగ్రహవ్యావర్తని’లో నాగార్జునుడు నైయాయికులను అడిగిన ప్రశ్న ఇది. ఇంకో ప్రమాణం వల్ల అంటే దానికి మరొకటి కావాలి; అది అనవస్థ. ప్రమాణాన్ని వస్తువు, వస్తువును ప్రమాణం నిలబెడతాయంటే అన్యోన్యాశ్రయం. దానికి రుజువు అక్కర్లేదంటే, మిగతావాటికి మాత్రం ఎందుకు అడగాలి? గ్రీకు సంశయవాదులూ ఇదే మూడు కొమ్ముల చిక్కును అగ్రిప్ప పేర చెప్పుకున్నారు. శాతవాహనుల కాలపు నాగార్జునుణ్ణి సంప్రదాయం కృష్ణాతీరంతో ముడిపెడుతుంది; నాగార్జునకొండకు ఆ పేరు అలా వచ్చిందే.

అన్నీ శూన్యమే అన్న నాగార్జునుణ్ణీ ప్రతివాదులు వదల్లేదు. ‘అన్నీ శూన్యమైతే నీ మాటా శూన్యమే, అది దేన్ని ఖండించగలదు?’ అన్నారు. తాను ఏ ప్రతిజ్ఞా చేయడం లేదు కాబట్టి ఆ దోషం తనకు అంటదని ఆయన జవాబు. అది సరైన సమాధానమా, వితండలోకి జారడమా అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

ఇలాంటి వలయమే యూరప్‌లో డెకార్ట్ మెడకు చుట్టుకుంది. స్పష్టంగా తోచినదంతా నిజమని ఆయన దేవుడి ఉనికి ఆధారంగా చెప్పాడు. దేవుడున్నాడని మాత్రం స్పష్టంగా తోచిన ఆలోచనల ఆధారంగా రుజువు చేశాడు. 1641లోనే ఆంట్వాన్ ఆర్నో ఈ సంగతిని వేలెత్తి చూపాడు.

18వ శతాబ్దంలో డేవిడ్ హ్యూమ్ మరో అగాధాన్ని గుర్తించాడు. లోకం ఎలా ఉందో చెబుతూ చెబుతూ రచయితలు ఉన్నట్టుండి ఎలా ఉండాలో చెప్పడం మొదలుపెడతారని, ఆ దూకుడుకు కారణం మాత్రం చూపరని గమనించాడు. ‘తరతరాలుగా ఇలాగే ఉంది, కాబట్టి ఇలాగే ఉండాలి’ అన్న వాదంలో పొరపాటు అక్కడే ఉంది. 1949లో గిల్బర్ట్ రైల్ వర్గ దోషం (ఒక కోవకు చెందినదాన్ని మరో కోవలో వెతకడం) అన్న భావాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆక్స్‌ఫర్డ్‌లో కాలేజీలు, గ్రంథాలయాలు, ప్రయోగశాలలు అన్నీ చూసిన సందర్శకుడు ‘మరి విశ్వవిద్యాలయం ఎక్కడ?’ అని అడగడం ఆయన ఇచ్చిన ఉదాహరణ. శరీరంలో మనసును ఇంకో వస్తువులా వెతకడం కూడా ఇలాంటిదేనని ఆయన అభిప్రాయం.

గణితంలో

గణితంలో ప్రతి అడుగుకూ లెక్క చెప్పాలి కాబట్టి అక్కడ తప్పుకు చోటుండదనిపిస్తుంది. చరిత్ర చూస్తే అలా లేదు. విద్యార్థులకు తప్పుడు రుజువులను పట్టడం నేర్పడానికి యూక్లిడ్ ఒక పుస్తకం రాశాడని ప్రోక్లస్ చెప్పాడు. అది ఇప్పుడు దొరకదు.

అందరికీ తెలిసిన గారడీ ఒకటుంది. క, గ అనే రెండు సమాన సంఖ్యలను తీసుకుందాం. క = గ. రెండు వైపులా క తో గుణిస్తే, క × క = క × గ. రెండు వైపులా గ × గ తీసేస్తే, ఎడమవైపు (క + గ)(క – గ), కుడివైపు గ(క – గ) వస్తాయి. రెండు వైపులా ఉన్న (క – గ)ని కొట్టేస్తే, క + గ = గ. క, గ సమానం కాబట్టి 2గ = గ. అంటే 2 = 1. ప్రతి అడుగూ బడిలో నేర్పినదే. క, గ సమానమైతే (క – గ) సున్నా అవుతుంది. కొట్టేసే హక్కు సున్నా కాని సంఖ్యలకే ఉంది. ఆ షరతు ఎక్కడా రాయలేదు.

సున్నాతో భాగహారం భారతీయ గణితవేత్తలను చాలా కాలం తిప్పలు పెట్టింది. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో ఏ సంఖ్యనైనా సున్నాతో భాగిస్తే మారకుండా అలాగే ఉంటుందన్నాడు, పావులూరి మల్లన తెలుగు చేసిన గణితం ఈ గ్రంథమే. 12వ శతాబ్దంలో రెండో భాస్కరుడు అలా వచ్చే రాశి అనంతమన్నాడు. అయినా ‘లీలావతి’లో ఆయన వేసిన ఒక లెక్క ఇలా ఉంటుంది: ఒక సంఖ్యను సున్నాతో గుణించి, వచ్చినదానికి అందులో సగం కలిపి, మూడింతలు చేసి, సున్నాతో భాగిస్తే 63 వచ్చింది, ఆ సంఖ్య ఏది? జవాబు 14. గుణించిన సున్నా, భాగించిన సున్నా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయన్న నమ్మకం మీదే ఈ జవాబు నిలబడింది. సున్నాకు చేరువవుతున్న రాశి అనుకుంటే ఈ లెక్కకు అర్థముంది. సున్నాయే అయితే లేదు.

గణితానుగమనంలోనూ ఇలాంటి ఉచ్చు ఒకటుంది. దీన్ని జార్జ్ పోల్యా ప్రసిద్ధం చేశాడు. లోకంలోని గుర్రాలన్నీ ఒకే రంగువని రుజువు చేయాలి. ఒక్క గుర్రమే ఉంటే వాదమే లేదు. ఏ పది గుర్రాలైనా ఒకే రంగువని ఒప్పుకున్నాక, పదకొండు గుర్రాలను తీసుకుందాం. మొదటిదాన్ని పక్కన పెడితే మిగిలిన పదీ ఒకే రంగువి. చివరిదాన్ని పక్కన పెట్టినా అంతే. రెండు గుంపుల్లోనూ ఉన్న మధ్య గుర్రాలు రెంటినీ కలుపుతాయి కాబట్టి పదకొండూ ఒకే రంగువి. పది నుంచి పదకొండుకు ఈ వాదం బాగానే నడుస్తుంది. ఒకటి నుంచి రెండుకు నడవదు, ఎందుకంటే అక్కడ మధ్య గుర్రాలంటూ లేవు. రెండో మెట్టే లేని నిచ్చెన ఇది.

మహామహులు సైతం ఇలాగే బోల్తాపడ్డారు. అవిచ్ఛిన్న ప్రమేయాల శ్రేణి అభిసరిస్తే దాని మొత్తమూ అవిచ్ఛిన్నమేనని 1821లో కోషీ రాశాడు. 1826లో ఆబెల్ వ్యతిరేక ఉదాహరణ చూపాడు. అవసరమైన షరతు, ఏకరూప అభిసరణ, తర్వాతి తరానికి గాని పూర్తిగా స్పష్టం కాలేదు. 1847లో గాబ్రియేల్ లామే ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని రుజువు చేశానని పారిస్ సైన్స్ అకాడమీలో ప్రకటించాడు. మామూలు పూర్ణాంకాలకు కారణాంక విభజన ఒకే తీరుగా ఉంటుంది. తాను వాడిన సంకీర్ణ సంఖ్యలకూ అలాగే ఉంటుందని ఆయన అనుకున్నాడు. ల్యూవిల్ వెంటనే సందేహం తెలిపాడు. అది నిజం కాదని కుమ్మర్ అప్పటికే చూపించి ఉన్నాడు. ఆ లోటు పూడ్చడానికి కుమ్మర్ కల్పించిన ఆదర్శ సంఖ్యల నుంచి బీజగణితంలో ఒక కొత్త శాఖే పుట్టింది.

1879లో ఆల్‌ఫ్రెడ్ కెంపే, పక్కపక్క ప్రాంతాలకు ఒకే రంగు రాకుండా వేయడానికి ఏ పటానికైనా నాలుగు రంగులు చాలునని రుజువు ప్రచురించాడు. పదకొండేళ్లపాటు అందరూ దాన్ని ఒప్పుకున్నారు. 1890లో పెర్సీ హేవుడ్ అందులోని తప్పును బయటపెట్టి, అదే పద్ధతితో ఐదు రంగులు చాలునని మాత్రం సాధించాడు. నాలుగు రంగుల సంగతి 1976లో అపెల్, హాకెన్ కంప్యూటరు సాయంతో తేల్చారు. కెంపే చెప్పిన నిర్ణయం మొదటినుంచీ నిజమే, రుజువే తప్పు.

సంభావ్యతలో

ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వం కోసం డాలంబేర్ రాసి 1754లో వెలువడిన వ్యాసంలో ఒక ప్రసిద్ధమైన తప్పుంది. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే అవకాశం ఎంత? మొదటిసారే బొమ్మ పడితే ఆట ముగుస్తుంది కాబట్టి ఉన్నవి మూడే దారులని, అవకాశం మూడింట రెండు అని ఆయన లెక్క కట్టాడు. ఆ మూడు దారులకూ సమాన అవకాశం ఉందా అని చూడలేదు. సరైన జవాబు నాలుగింట మూడు.

జూదరి భ్రమ దీనికి చుట్టమే. 1913 ఆగస్టులో మోంటే కార్లో జూదశాలలో రూలెట్ చక్రం వరుసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది. ఇక ఎరుపు రాక తప్పదని పందెం కాస్తూ పోయినవారు భారీగా నష్టపోయారు. చక్రానికి వెనకటి ఆట గుర్తుండదు.

ఈ తప్పులు న్యాయస్థానానికి చేరితే మనుషులు బలవుతారు. 1999లో ఇంగ్లండులో శాలీ క్లార్క్ అనే తల్లికి ఇద్దరు పసిపిల్లలను చంపిందన్న అభియోగంపై యావజ్జీవ శిక్ష పడింది. ఆమెవంటి కుటుంబంలో ఒక శిశువు హఠాత్తుగా చనిపోయే అవకాశం 8,543లో ఒకటని, ఇద్దరు చనిపోయే అవకాశం దాని వర్గమని, అంటే దాదాపు 7.3 కోట్లలో ఒకటని ఒక వైద్య నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. ఇందులో రెండు తప్పులున్నాయి. ఒకే ఇంటి పిల్లలకు వంశపారంపర్య కారణాలు ఉమ్మడిగా ఉండవచ్చు కాబట్టి అలా గుణించడం చెల్లదు. రెండోది ఇంకా ప్రమాదకరం. రెండు సహజ మరణాలు అరుదన్నంత మాత్రాన ఆమె నిర్దోషి అయ్యే అవకాశమూ అంతే అరుదని కాదు. ఒక తల్లి ఇద్దరు బిడ్డలనూ చంపడం కూడా చాలా అరుదే, ఆ రెండింటినీ పోల్చాలి. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఈ అంకెను బహిరంగంగా తప్పుపట్టింది. 2003లో ఆమె విడుదలైంది. శిక్ష రద్దుకు ముఖ్యకారణం అంతకుముందు బయటపెట్టని వైద్య పరీక్షల ఫలితాలు. అప్పీలు కోర్టు ఈ అంకెనూ ఆక్షేపించింది.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1973లో పైచదువులకు దరఖాస్తు చేసిన పురుషుల్లో సుమారు 44 శాతానికి, స్త్రీలలో 35 శాతానికి సీట్లు దక్కాయి. వివక్ష రుజువైనట్టే కనిపించింది. శాఖలవారీగా విడదీస్తే స్త్రీలవైపే కొద్దిపాటి మొగ్గు తేలింది. పోటీ ఎక్కువగా, సీట్లు తక్కువగా ఉన్న శాఖలకు స్త్రీలు ఎక్కువగా దరఖాస్తు చేశారు. ఏ శాఖ అన్నదే ఇక్కడ ఉపాధి.

ఆర్థికశాస్త్రంలో

ఆర్థిక వాదాల్లో ప్రయోగశాల లేదు; ఒక దేశాన్ని పన్ను పెంచి ఒకసారి, పెంచకుండా ఒకసారి నడిపి చూడలేం. అందుకే కారణం కానిదాన్ని కారణమనడం ఇక్కడ సులువు. ప్రసిద్ధ ఆర్థికశాస్త్రవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1870లలో ఇంగ్లండు వర్తక సంక్షోభాలకు సూర్యుడిలోని మచ్చలే మూలమని వాదించాడు. మచ్చల వల్ల ఎండ తీవ్రత మారుతుంది, దానివల్ల భారతదేశంలో పంటలు దెబ్బతింటాయి, ఇక్కడివారు ఇంగ్లండు సరుకు కొనలేకపోతారు, అక్కడ సంక్షోభం వస్తుంది అన్నది ఆయన గొలుసు. రాయలసీమతో సహా మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చిపెట్టిన ధాత కరువు (1876–78) అప్పుడే నడుస్తోంది. సూర్యమచ్చల చక్రం 11.1 ఏళ్లని అనుకున్నప్పుడు సంక్షోభాలు దానికి సరిపోతాయన్నాడు. ఖగోళవేత్తలు దాన్ని 10.45కు సవరించగానే, సంక్షోభాల సగటూ 10.44 ఏళ్లుగా తేలింది. సంక్షోభాల జాబితాలో ఏవి ఉండాలో ఎంచుకునే స్వేచ్ఛ ఆయన చేతిలోనే ఉంది మరి. సూర్యమచ్చల చక్రం సగటున 11 ఏళ్లని తర్వాత స్థిరపడింది.

భాగానికి చెల్లింది మొత్తానికీ చెల్లుతుందనుకోవడం మరో పెద్ద దోషం. ఒక కుటుంబం ఖర్చు తగ్గించుకుంటే పొదుపు పెరుగుతుంది. మాంద్యంలో అందరూ ఒకేసారి తగ్గిస్తే, ఒకరి ఖర్చే మరొకరి రాబడి కాబట్టి, రాబడులు పడిపోయి మొత్తం పొదుపు పెరగకపోవచ్చు. 1936లో కీన్స్ దీన్ని తన సిద్ధాంతంలో కీలకం చేశాడు. మదనపల్లె టమాటా, గుంటూరు మిర్చి పండించేవారికి ఈ చిక్కు కొత్త కాదు. కిందటేడు ధర పలికిందని ఒక రైతు అదే పంట వేయడం తెలివైన పనే. అందరూ అదే చేస్తే మార్కెట్టుకు సరుకు పోటెత్తి కోత కూలి కూడా గిట్టదు. మరుసటేడు అందరూ మానేస్తే ధర మళ్లీ ఎగబాకుతుంది. ఈ ఊగిసలాటకు 1934లో నికొలస్ కాల్డోర్ సాలెగూడు అని పేరు పెట్టాడు. ‘మిగతావాళ్లు నాలా చేయరు’ అన్నదే ఇక్కడ చెప్పని షరతు.

కనిపించేదే లెక్కలోకి తీసుకోవడాన్ని ఫ్రెంచి రచయిత బాస్తియా 1850లో ఎండగట్టాడు. కిటికీ అద్దం పగిలితే అద్దాలు బిగించేవాడికి పని దొరికింది కాబట్టి ఊరికి లాభమే అంటారు. ఆ డబ్బుతో యజమాని చెప్పులు కొనేవాడు. చెప్పులవాడికి పోయిన బేరం కంటికి కనిపించదు. తుపానులు, యుద్ధాలు ఆర్థికవ్యవస్థకు ఊపునిస్తాయన్న మాట వినబడ్డప్పుడల్లా ఈ ఉదాహరణ పనికొస్తుంది. లోకంలో ఉన్న పని ఇంతే అని, యంత్రాలో వలసవచ్చినవారో దాన్ని లాక్కుంటారని అనుకోవడం దీనికి దగ్గరిదే. 1891లో డేవిడ్ ష్లాస్ దానికి పేరు పెట్టాడు.

పోయిన డబ్బును చూసి ఇంకా డబ్బు పోయడం వ్యక్తులూ ప్రభుత్వాలూ ఒకేలా చేసే తప్పు. 1962లో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి తలపెట్టిన కాంకార్డ్ విమానం గిట్టుబాటు కాదని తెలుస్తున్నా, ఇప్పటికే ఇంత పెట్టాం కదా అని సాగదీశారు. కట్టినవి 20 విమానాలు, ప్రయాణికులను మోసినవి 14. ఈ దోషానికి ఇప్పుడు కాంకార్డ్ పేరే వాడుకలో ఉంది. ఆపాలా సాగించాలా అన్నది ఇకముందు పెట్టాల్సిన ఖర్చును, ఇకముందు వచ్చే రాబడిని బట్టి తేల్చాలి.

అంకెల వెనక దాగిన తప్పుకు ఇటీవలి ఉదాహరణ 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగోఫ్ ప్రచురించిన పత్రం. ప్రభుత్వ అప్పు స్థూల దేశీయోత్పత్తిలో 90 శాతం దాటిన సంపన్న దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని అది చెప్పింది. పలు దేశాల్లో పొదుపు చర్యలను సమర్థించేవారు దీన్ని పట్టుకున్నారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి ఆ లెక్కల స్ప్రెడ్‌షీట్ తెప్పించుకుని చూస్తే, సగటు కట్టే సూత్రం ఐదు దేశాలను వదిలేసింది. దానికితోడు న్యూజిలాండ్‌ ఒక్క ఏడాదికీ బ్రిటన్ 19 ఏళ్లకూ సమాన తూకం ఇచ్చారు. హెర్న్‌డన్ బృందం సవరించిన సగటు 2.2 శాతం. స్ప్రెడ్‌షీట్ తప్పును రచయితలు ఒప్పుకున్నారు, తూకం విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. అప్పు వల్ల వృద్ధి తగ్గిందా, వృద్ధి తగ్గడం వల్ల అప్పు పెరిగిందా అన్న ప్రశ్న అంకెలు సరిచేశాక కూడా మిగిలే ఉంది.

ఎందుకు నమ్ముతాం

1983లో మనస్తత్వవేత్తలు ట్వెర్స్‌కీ, కానమన్ ప్రచురించిన ప్రయోగంలో లిండా అనే కల్పిత యువతిని తెలివైనదిగా, సామాజిక న్యాయం కోసం తపించేదిగా వర్ణించారు. ఆమె బ్యాంకు ఉద్యోగి కావడానికి అవకాశం ఎక్కువా, స్త్రీవాద ఉద్యమంలో ఉన్న బ్యాంకు ఉద్యోగి కావడానికి ఎక్కువా అని అడిగితే 85 శాతం మంది రెండోదే అన్నారు. రెండోది మొదటిదానిలో భాగం కాబట్టి దాని అవకాశం ఎన్నటికీ మించదు. వర్ణనకు కథ బాగా అతికింది కాబట్టి లెక్క అడుగున పడింది. తర్కదోషానికి బలం ఇక్కడి నుంచే వస్తుంది. నిర్ణయం మనకు నచ్చినదైతే దారిని పరీక్షించాలన్న ఆలోచనే రాదు.

పరీక్ష, దాని పరిమితి

ఏ వాదాన్నయినా మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. ఈ కారణం ఉండి కూడా ఈ ఫలితం లేని చోటు ఉందా? ఈ రెంటినీ కలుపుతున్న మూడోది ఏదైనా ఉందా? ఒకరికి, ఒక సందర్భానికి చెల్లినది అందరికీ, అన్నిటికీ చెల్లుతుందా? న్యాయశాస్త్రపు సవ్యభిచారం, ఉపాధి అడిగేవి మొదటి రెండు. ఆర్థికశాస్త్రం నేర్పినది మూడోది.

దోషం పట్టడంతో పని అయిపోదు. వాదం తప్పు కాబట్టి నిర్ణయమూ తప్పే అనడం కూడా ఒక తర్కదోషమే. కెంపే రుజువు కూలినా నాలుగు రంగుల సిద్ధాంతం నిలిచింది. దోషం చూపినవారు కూల్చింది ఒక దారినే. గమ్యం నిజమా కాదా అన్నది తేలాలంటే వేరే దారి వెతకాల్సిందే, ఆ దారికీ ఇవే ప్రశ్నలు వేయాల్సిందే.